డాక్టరు జెర్డాన్, చీమల ధాన్యము

చీమ వేసవిలో ఆహారము కూర్చుకొనునని సొలొమోను సామెతల గ్రంథమున బోధించిన సంగతి మన మెఱిగినదే. మేళ్లచెరువు చేలగట్లమీద చీమల కన్నముల చుట్టు పొట్టుకుప్పలు చూచినవారి కిది వింతగాదు. కాని చలిదేశపు చీమలు గింజలు దాచవు. అందుచే ఐరోపా పండితులు పలువురు, పూర్వులు పిల్లచీమల తెల్లని గూళ్లను జూచి గింజలని భ్రమించిరని తలంచిరి. ఈ సందేహము తీరుటకు తోడ్పడినవారిలో నొకరు తెలుగునాట పనిచేసిన వైద్యులు. వారి చరిత్రమును క్లుప్తముగా వ్రాయుచున్నాము.

థామస్ కావెర్‌హిల్ జెర్డాన్‌గారు 1811లో ఇంగ్లండునందు డర్హాము సీమలో జన్మించిరి. ఎడింబరోలో చదివి, ఈస్టిండియా కంపెనీవారి సహాయవైద్యులై 1836లో చెన్నపట్టణము చేరిరి. కొంతకాలము నెల్లూరిలో సివిల్ సర్జనుగా నుండిరి. రోగులను జూచుటతో తమ పని ముగిసినదని యెంచక, పక్షులను, మృగములను, చీమలను శ్రద్ధతో పరిశీలించిరి. తమ పక్షిగ్రంథమున తెలుగుపేర్లనుగూడ చేర్చిరి.

1851లో దక్షిణహిందూదేశపు చీమల పట్టికను మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ప్రకటించిరి. చెంగున దుముకు చీమకు శాస్త్రనామ మిడినది వారే. ముల్లంగి, క్యారెట్టు, టమాటా విత్తనములను చీమలు ఒక్కరాత్రిలో నెత్తుకొనిపోవుటయు, తమ గదిలోని విత్తనపు పొట్లములు ఖాళీయగుటయు నందు వ్రాసిరి. వానకాలము ముగియునప్పుడు చీమలు గింజలను వెలికి తెచ్చుటను, పూనాలో సైక్సు దొరగారు చూచినట్లే, తామును జూచిరి. కాని వానిని తినునో లేదో తమకు తెలియదని నిజాయితీగా నొప్పుకొనిరి. జెర్డాన్‌గారు 1872లో ఇంగ్లండున గతించిరి. మరుసటియేడు మాగ్రిడ్జిగారు, ఫ్రాన్సులోని మెంటోనువద్ద పుట్టలు త్రవ్వి ధాన్యపుటరలను గనుగొనిన వృత్తాంతమును, చీమలు గింజలను తినుటయు గ్రంథముగా వెలువరించి ఆ కొఱత తీర్చిరి.

పుట్టలో చూడదగినవి యింకను గలవు. చీమలతోనే కాపురముండు అతిథులు పెక్కు. ఐరోపా పుట్టలలో తెల్లని, కన్నులులేని, పీతలకు దూరపు బంధువగు చిరుప్రాణి యొకటి కలదు. దాని పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు. బ్రాంట్ పండితుడు 1833లో దానిని వర్ణించెను. అది చీమల మలమును, బూజును తిని బ్రతుకును. చీమలు సామాన్యముగా దానిజోలికి పోవు.

బాలబాలికలారా, మన చేలలోని పుట్టలకడ మీరును ఓపికతో కూర్చుండి చూడుడు. చూచినది వ్రాయుడు. చూడనిది తెలియదనుటకు సిగ్గుపడకుడు. జెర్డాన్‌గారి జీవితము మనకు నేర్పు పాఠ మిదియే.