హెన్రియెట్టాని ఎవరూ అడగలేదు

కిందటి నెల మా అత్తయ్యగారికి గర్భాశయ ముఖద్వారం దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు. నర్సు కాగితం ఇచ్చి సంతకం పెట్టమంది. అంతా ఇంగ్లీషే! అందులో ఏముందో చదివి చెప్పమని అత్తయ్యగారు నన్నడిగారు. నాకెందుకో హెన్రియెట్టా లాక్స్ గుర్తొచ్చింది.

హెన్రియెట్టా 1920లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టిన నల్లజాతి స్త్రీ. నాలుగేళ్ళకే తల్లి పోయింది. తాతగారింట పెరుగుతూ పొగాకు పొలాల్లో పనిచేసింది. పెళ్ళయ్యాక బాల్టిమోర్ దగ్గర కాపురం. ఐదుగురు పిల్లలు.

1951 జనవరిలో లోపలేదో గడ్డలా తగులుతోందని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్ళింది. ఆ చుట్టుపక్కల నల్లవాళ్ళని చేర్చుకునే పెద్దాసుపత్రి అదే. అక్కడా వాళ్ళకి వేరే వార్డులే. పరీక్షలో క్యాన్సరని తేలింది. రేడియం పెట్టేటప్పుడు డాక్టరు రెండు చిన్న ముక్కలు కోసి ప్రయోగశాలకి పంపాడు. ఆమెని అడగలేదు, చెప్పనూ లేదు. పేదల వార్డుల్లో అప్పుడది మామూలేనట!

అంతకుముందు మనిషి కణాలు ప్రయోగశాలలో కొద్ది రోజులకే చచ్చిపోయేవి. హెన్రియెట్టా కణాలు మాత్రం రోజుకి రెట్టింపవుతూ పెరిగాయి. ఆమె పేరులోని అక్షరాలతోనే వాటిని ‘హీలా’ అన్నారు. పోలియో టీకాని పరీక్షించడానికి అవే పనికొచ్చాయి. పోలియో టీకా కథ వెనక ఆ తల్లి కూడా ఉందన్నమాట.

ఆమె మాత్రం ఆ ఏడు అక్టోబరు 4న కన్నుమూసింది. ముప్ఫై ఒక్కేళ్ళు. చివరి బిడ్డకి ఏడాది వయసు. సమాధి మీద పేరు రాసిన రాయైనా లేదు. 2010లో గానీ పెట్టలేదు.

అమ్మ కణాలు బతికే ఉన్నాయని ఇంట్లోవాళ్ళకి ఇరవై ఏళ్ళ తర్వాత తెలిసింది. వాటితో కంపెనీలు వ్యాపారం చేస్తుంటే, ఆమె పిల్లల్లో కొందరికి వైద్యానికి బీమా కూడా లేదు. చివరికి వారసులు కోర్టుకెక్కారు. 2023లో ఒక పెద్ద కంపెనీ వాళ్ళతో రాజీకొచ్చింది.

నేను కాగితం వెనక్కిచ్చి, తెలుగులో చెప్పించమన్నాను. నర్సు విసుక్కుంది. కానీ డాక్టరమ్మ వచ్చి ఏం తీస్తారో, ఎందుకో, తీసిన ముక్కని ఏం చేస్తారో విడమరిచి చెప్పింది. అత్తయ్యగారు రెండు ప్రశ్నలడిగి, అప్పుడు కలం అందుకున్నారు.

అడిగితే ఏమనుకుంటారోనని మనమే మొహమాటపడతాం. మన ఒంటి గురించి మనం అడగడానికి మొహమాటమెందుకు?