మల్లీశ్వరిని మలచిన కడపసీమ కళాతపస్వి

రాయలసీమ యనగానే బీడుభూములు, ఎండిన ఏరులు, వానకై నింగి చూచు రైతు మనసునకు తోచుట సహజము. కాని ఈ సీమ ఒకనాడు విజయనగర రాజ్యములో అంతర్భాగము. కృష్ణదేవరాయలు దర్శించిన అహోబల క్షేత్రము కర్నూలు సీమలోనిది. అల్లసాని పెద్దన అగ్రహారముగా పొందిన కోకట గ్రామము కడప సీమలోనిది. ఆ కాలపు జీవితమును పాటతో, చిత్రముతో తెలుగువారి కన్నులయెదుట నిలిపిన దర్శకుడు గూడ కడప సీమవాడే. ఆయన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారు. లోకమునకు బి. ఎన్. రెడ్డిగా పరిచితులు.

రెడ్డిగారు 1908లో పులివెందుల ప్రాంతమున జన్మించిరి. మదరాసులో సోదరులతో కలిసి బి. ఎన్. కె. ముద్రణాలయమును నడపిరి. 1938లో హెచ్. ఎం. రెడ్డిగారి గృహలక్ష్మి చిత్రనిర్మాణముతో సినీరంగమున అడుగిడిరి. పిదప తాడిపత్రివాసి మూలా నారాయణస్వామి, ఛాయాగ్రాహకుడు రామ్‌నాథ్, కళాదర్శకుడు శేఖర్ మొదలైనవారితో కలిసి వాహినీ సంస్థను నెలకొల్పిరి. ఆ సంస్థ తొలిచిత్రము 1939 నాటి వందేమాతరం. పౌరాణికములు విరివిగా వెలువడు ఆ దినములలో ఆయన నిరుద్యోగమును, వరకట్నమును కథావస్తువులుగా గైకొనిరి. సుమంగళిలో వితంతు వివాహమును చర్చించిరి. ఈ చిత్రములలో చిత్తూరు నాగయ్యగారి నటన, సంగీతము జనులను ఆకట్టుకొనెను. 1945లో వచ్చిన స్వర్గసీమ భానుమతికి గొప్ప పేరు తెచ్చెను.

అటుపిమ్మట ఆరేండ్లపాటు రెడ్డిగారి దర్శకత్వమున చిత్రము రాలేదు. హంపీ శిథిలములు చూచినప్పటినుండి ఆ కాలపు కథ నొకదానిని తీయవలెనను కోరిక ఆయనను వెన్నాడుచుండెను. బుచ్చిబాబు నాటిక ఒకటి, ఆంగ్ల వారపత్రికలో వచ్చిన కథ ఒకటి అందుకు బీజములయ్యెను. నాగరాజు, మల్లి బావామరదళ్లు. జడివానలో తలదాచుకొన్నచోట మారువేషములో నున్న రాయలతో నాగరాజు పరిహాసమునకు పలికిన మాట మల్లిని రాణివాసమునకు చేర్చును. పల్లకీ ఇంటికి వచ్చుట అదృష్టమని తలచినవారికి అది ఎడబాటుగా పరిణమించును. ప్రభువు అనుగ్రహము సైతము సామాన్యుని బ్రతుకునకు సంకెల కాగలదనుట ఈ కథలోని మర్మము.

ఇంత సున్నితమైన విషయమును సంభాషణములు మాత్రమే మోయజాలవు. కావున రెడ్డిగారు భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని సినిమారచనకు తొలిసారిగా రప్పించి, మాటలు, పాటలు ఆయనచేతనే వ్రాయించిరి. సంగీతమును సాలూరు రాజేశ్వరరావుగారి కప్పగించిరి. వాద్యబృంద నిర్వహణము అద్దేపల్లి రామారావుగారిది. తొందరపెట్టు నిర్మాత కాడు గనుక బాణీలు నెలల తరబడి రూపుదిద్దుకొనెను. భానుమతి తన పాటలను తానే పాడెను. నాయకుడైన తారక రామారావుకు ఘంటసాల గొంతునిచ్చెను. ప్రతి పాటయు కథను ఒక్క అడుగు ముందుకు నడపును. దూరముననున్న ప్రేమికులిరువురు మేఘములతో తమ వేదన చెప్పుకొను ఘట్టములో కాళిదాసుని మేఘసందేశము స్ఫురించును. మబ్బుకై ఎదురుచూచుట రాయలసీమవాసికి క్రొత్తగా నేర్పవలసిన పని కాదు. ఉషాపరిణయ ఘట్టమున మన ప్రాచీన యక్షగానమునకు మరల ప్రాణము వచ్చెను.

1951 డిసెంబరు 20న మల్లీశ్వరి విడుదలయ్యెను. 1953లో చైనాలో గూడ ప్రదర్శితమయ్యెను. ఆ పాటలు నేటికిని గాయకుల కంఠములలో నిలిచియున్నవి. కృష్ణశాస్త్రిగారికి ఈ చిత్రము క్రొత్త మార్గము తెరచెను. గ్రంథములు చదువు కొలదిమందికే పరిమితమైన భావకవిత్వము అక్షరము రానివారి నోట గూడ పలికెను.

ఆ తరువాత బంగారుపాప, పూజాఫలం, రంగులరాట్నం వంటి చిత్రములను రెడ్డిగారు తీసిరి. 1939 మొదలు 1969 వరకు ముప్పదియేండ్లలో ఆయన దర్శకత్వము వహించినవి పదునొకండు మాత్రమే. సంఖ్యను లెక్కించువారికి ఇది స్వల్పముగా తోచవచ్చును. అయినను 1974 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనను వరించెను. దక్షిణాది చిత్రరంగమునకు ఆ గౌరవము దక్కుట అదే మొదలు. 1977లో ఆయన దివంగతులైరి.

మెట్టపొలములో విత్తు చల్లిన రైతు అదను కొరకు వేచియుండును. తొందరపడినచో పంట దక్కదు. ఆరేండ్లు వేచి మల్లీశ్వరిని పండించిన రెడ్డిగారికి ఆ ఓర్పు పుట్టినగడ్డ ఇచ్చిన విద్య. కళయందైనను, చదువునందైనను విద్యార్థులు ఆయననుండి మొదట గ్రహింపదగినది ఆ ఓర్పే.