ఊరు కట్టిన కాపరి

నెహెమ్యా గ్రంథము చదువునప్పుడు మనలో అనేకులము ప్రాకారము పూర్తియైన చోటనే పుస్తకము మూసివేయుదుము. ఆ తరువాతి అధ్యాయములలోని చిక్కు మన కంటికి ఆనదు. గోడ లేచినది, తలుపులు నిలిచినవి, గాని లోపల కాపురముండువారు చాలరు. ఎవరు వచ్చి నివసింపవలెను, ఏ ఒడంబడికకు లోబడి నివసింపవలెను అనునది రాళ్లు మోయుటకంటె బరువైన పని. ఈ మాసము మేము చెప్పబూనిన సేవకుడు అటువంటి పనియే తలకెత్తుకొనెను. ఆయన పేరు జోసయ్య బుష్నెల్ గ్రిన్నెల్. మన తెలుగు బైబిలులో యోషీయా అని చదువు రాజు పేరే ఇంగ్లీషువారి నోట జోసయ్య అగును. అమెరికా దేశపు నడిమి భాగమందు, అయోవా రాష్ట్రములో, ఆయన పేరుతోనే ఒక చిన్న వ్యవసాయపు పట్టణము నేటికిని ఉన్నది.

గ్రిన్నెల్ గారు 1821వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన, ఆ దేశపు తూర్పు కొండలలోని వెర్మాంట్ రాష్ట్రములో, న్యూ హేవెన్ అను పల్లెయందు జన్మించిరి. బాల్యములోనే తండ్రిని పోగొట్టుకొని కష్టపడి పెరిగిరి. చదువుకొనవలెనను ఆశ ఆయనను ఒనైడా అను పాఠశాలకు చేర్చెను. అక్కడి విద్యార్థులు కొంతసేపు పొలములో పనిచేసి కొంతసేపు పుస్తకము పట్టుకొనెడివారు. అంతేకాదు, తెల్లవారి పిల్లలును నల్లవారి పిల్లలును అక్కడ కలిసి చదువుకొనెడివారు. దక్షిణ రాష్ట్రములలో నల్లవారిని సంతలో పశువులవలె అమ్ముచున్న ఆ దినములలో అట్టి పాఠశాలలు వ్రేళ్లమీద లెక్కింపదగినంతయే. పడుచుదనములో ఎవరి ప్రక్కన కూర్చుండి చదివితిమో అది మనిషిని విడువదు. తరువాత ఆయన జీవితములో జరిగిన అనేక సంగతులకు వేరు ఇక్కడనే ఉన్నదని మేము తలంచుచున్నాము.

1847లో ఆయన ఆబర్న్ వేదాంత పాఠశాలలో చదువు ముగించి, కాంగ్రిగేషనల్ సంఘములో కాపరిగా అభిషేకము పొందిరి. న్యూయార్క్ రాష్ట్రములో కొంతకాలము సేవచేసి, 1850 దాటిన తొలి సంవత్సరములలో రాజధానియగు వాషింగ్టను నగరమునకు వెళ్లి అక్కడ ఒక సంఘము స్థాపించిరి. రాజధానిలో అప్పటికి బానిసలను ఉంచుకొనుట చట్టమునకు లోబడిన పనియే. ఆదివారము ముందు వరుసలో కూర్చుండు పెద్దమనుష్యుని ఇంట వంటచేయు స్త్రీ అతని కొనుగోలు సొత్తు కావచ్చును. అట్టి నగరములో గ్రిన్నెల్ గారు బానిసత్వము పాపమని ప్రసంగించిరి. ఫలితము మనము ఊహింపవచ్చును. ఆయన ఆ ఊరు విడువవలసి వచ్చెను. న్యూయార్క్ నగరమునకు మరలి వచ్చి, 1852లో జూలియా చేపిన్ అను కన్యకను వివాహమాడిరి. అయితే అంతలో కంఠము చెడి, ప్రసంగించు శక్తి తగ్గిపోయెను. కాపరికి కంఠము పోవుట అనగా రైతుకు ఎద్దులు పోవుట వంటిది.

అప్పుడు హోరేస్ గ్రీలీ అను పేరొందిన పత్రికాధిపతి ఆయనను పడమటి దేశమునకు వెళ్లి ఆ నేలతోపాటు ఎదుగుమని ప్రోత్సహించినట్లు గ్రిన్నెల్ గారే తరువాత చెప్పుకొనిరి. ఆ సలహా అమెరికాలో సామెతయై నిలిచిపోయినది. వేల మంది దానిని విని బంగారము కొరకును భూమి కొరకును పడమటికి పరుగెత్తిరి. మన కాపరి మాత్రము ఒక ఊరు వెదకుకొనుచు పోయెను.

1854లో ఆయన మరి ముగ్గురితో కలిసి అయోవా నడిమి భాగమునకు వచ్చెను. వారిలో హోమర్ హామ్లిన్ గారు కాపరి, థామస్ హోలియోక్ గారు వైద్యుడు, హెన్రీ హామిల్టన్ గారు మూడవవారు. వారు చూచిన నేలను ఆ దేశస్థులు ప్రెయరీ అందురు. చెట్టు చేమ లేక, కనుచూపు మేర గడ్డియే. మట్టి మన నల్లరేగడివలె నల్లనిది. నాగలి ఎన్నడును ఎరుగని ఆ నేలలో గడ్డివేళ్లు ఎంత దట్టముగా అల్లుకొనియుండెననగా, మొదటి దుక్కి దున్నుటకు అనేక జతల ఎద్దులను ఒకే నాగలికి పూన్చెడివారు. చలికాలమున మంచు, అడ్డు ఆపు లేని గాలి. ఆ మెట్టను ఆయన ఏల కోరుకొనెను? రాబోవు రైలుమార్గము ఎటు పోవునో ముందుగా తెలిసికొనియుండెను. రెండు ఏరుల నడిమి గట్టుమీదుగా తూర్పు పడమరగా ఒక మార్గము, దానిని ఉత్తర దక్షిణముగా ఖండించు మరియొక మార్గము రాగలవని లెక్కవేసి, ఆ కూడలిని ఊరికి నిర్ణయించెను. భక్తుడే గాని లోకజ్ఞానము లేనివాడు కాడు. లాభము ఎరిగిన మనిషియని ఆ దినములలో కొందరు ఆయనను విమర్శించిరి. అది పూర్తిగా అబద్ధమని మేము చెప్పజాలము.

ఇక్కడ ఒక మాట చెప్పక పోరాదు. ఆ నేల ఖాళీగా పుట్టినది కాదు. సాక్, మెస్క్వాకీ అను ఆదివాసి జనులు అక్కడ వేటాడి జీవించిరి. 1842 నాటి ఒప్పందముతో ప్రభుత్వము వారి భూమిని తీసికొని వారిని పంపివేసెను. గ్రిన్నెల్ పట్టణమున్న జిల్లాకు పొవెషీక్ అను పేరు వారి నాయకునిదే. నాయకుని పేరు ఉంచుకొని నాయకుని జనమును వెళ్లగొట్టిరి. 1857లో మెస్క్వాకీలలో కొందరు మరలి వచ్చి, ఉత్తరమున ప్రక్క జిల్లాయగు టామాలో తమ సొంత డబ్బుతో 80 ఎకరములు కొనుక్కొని నిలిచిరి. వారి సంతతివారు నేటికిని అక్కడనే ఉన్నారు. కాపరి ఊరు కట్టిన కథలో ఈ మాట కూడ భాగమే.

గ్రిన్నెల్ గారు తూర్పుననున్న పత్రికలలో ప్రకటన వేయించి, విద్యయందును మద్యవర్జనమందును సంఘమందును ఆసక్తిగల కుటుంబములు రావలెనని పిలిచిరి. వచ్చిన మొదటి కుటుంబములవారు ఇండ్లు లేక ఒక పొడుగాటి పాకలో కలిసి తలదాచుకొనిరి. స్థలములు కొలిచి వీధులు దిద్దిరి. అప్పుడు ఆయన చేసిన పని మా దృష్టికి అన్నిటికంటె గొప్పగా కనబడుచున్నది. మంచి మాటలు ప్రసంగములో చెప్పి ఊరుకొనక, దస్తావేజులో వ్రాయించెను. ఇంటి స్థలము కొనినవాడు గాని అతని తరువాత వచ్చువాడు గాని అక్కడ సారా అమ్మినయెడల, ఆ స్థలముమీద హక్కు పోవును. స్థలములు అమ్మగా వచ్చు సొమ్ములో భాగము ఊరిలో పెట్టబోవు ఉన్నత విద్యాలయమునకు చెందును. ఇండ్లకు గోడలైనను లేవకమునుపే బడి డబ్బు ప్రక్కన పెట్టబడెను. వీధి మొగదల సారా కొట్టు పెట్టినయెడల కూలివాని వారపు జీతము ఏ దారి పట్టునో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. వారి ఇండ్లలోని తల్లులను అడిగిన చాలును.

విద్యాలయపు సంగతి మరియొక త్రోవన నెరవేరెను. 1843లో ఆండోవర్ వేదాంత పాఠశాలనుండి పదునొకండుగురు యౌవనస్థులు సేవకులై అయోవాకు వచ్చియుండిరి. వారును వారి సహకారులును 1846లో మిసిసిపీ నది ఒడ్డున డేవెన్‌పోర్ట్ పట్టణములో అయోవా కళాశాల స్థాపించిరి. అయితే ఆ పట్టణపు పెద్దలు కళాశాల స్థలము నడుమనుండి వీధి వేయించిరి. బానిసత్వమును ఎదిరించు ఆ ఉపాధ్యాయులు అక్కడ అనేకులకు రుచింపలేదు కూడ. 1858లో వారు కళాశాలను గ్రిన్నెల్ పట్టణమునకు మార్చుటకు నిర్ణయించిరి. గ్రిన్నెల్ గారు తాము సేకరించిన విద్యానిధిని దానిలో కలిపివేసిరి. తన పేరుతో వేరొక విద్యాలయము ఉండవలెనను పట్టు పట్టలేదు. చిత్రమేమనగా, తరువాత, 1909లో, ఆ కళాశాలయే గ్రిన్నెల్ కళాశాల అను పేరు అధికారముగా పెట్టుకొనెను. అప్పటికి ఆయన గతించి 18 సంవత్సరములాయెను.

1856లో ఆయన అయోవా శాసనసభ పైసభకు ఎన్నికయై, ఊరి పిల్లలందరికి రుసుము లేని బడి కావలెనని పాటుపడిరి. 1858లో ఆ రాష్ట్రమునకు ఉచిత విద్యా చట్టము వచ్చెను.

1859 ఫిబ్రవరి నెలలో ఆ ఊరికి పరీక్ష వచ్చెను. జాన్ బ్రౌన్ అను యోధుడు మిస్సోరీ రాష్ట్రములోని యజమానుల చేతులలోనుండి పదునొకండుగురు బానిసలను విడిపించి, చలికాలపు మంచులో కెనడా దేశమునకు తీసికొని పోవుచుండెను. దారిలో ఒక తల్లి ప్రసవించగా పండ్రెండుగురైరి. పారిపోవు బానిసకు అన్నము పెట్టుట నేరమని చెప్పు చట్టము అప్పుడు అమలులోనుండెను. జాన్ బ్రౌన్ తలుపు తట్టినప్పుడు గ్రిన్నెల్ గారు తెరచిరి. ఆయుధములను తన ఇంటి ముందుగదిలో పెట్టించి, ఆ ప్రయాణికులకు చోటిచ్చిరి. ఊరివారు రెండు రాత్రులు కూడుకొని వారి మాటలు విని, దారి ఖర్చుకు సహాయము చేసిరి. పిమ్మట ఆ జనులను షికాగోకు చేర్చుటకు రైలు సరకు పెట్టె దొరకునట్లు ఏర్పాటు చేసినవారిలో ఆయన ఒకరు. అదే సంవత్సరము డిసెంబరు 2వ తేదీన, మరియొక ప్రయత్నములో పట్టుబడి జాన్ బ్రౌన్ ఉరితీయబడెను. గ్రిన్నెల్ గారి పేరులోని మొదటి అక్షరములు జె. బి. అయినందున, పగవారు వాటికి జాన్ బ్రౌన్ అని అర్థము చెప్పి ఎగతాళి చేసిరి.

అయితే ఊరంతయు దేవదూతలతో నిండియున్నదని ఎవరును అనుకొనవద్దు. 1860లో, బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చిన కొందరు నల్ల యౌవనస్థులు ఊరి బడికి వచ్చుచుండగా, అదే ఊరివారు కొందరు మా పిల్లల ప్రక్కన వీరా అని లేచిరి. గలాటా పుట్టెను. రెండు రాత్రులు ఆశ్రయమిచ్చుట వేరు, ప్రతిదినము ఒకే బల్లమీద కూర్చుండుట వేరు. సారా అమ్మరాదని దస్తావేజులో వ్రాయవచ్చును గాని, పొరుగువాని పిల్లను తోసివేయరాదని ఏ దస్తావేజులో వ్రాయుదురు? బడి నడుపువారిలో కొందరు ఆ యౌవనస్థుల పక్షమున తలుపుయొద్ద నిలువబడిరి. మన పల్లెలలో బడి బల్లలమీద ఎవరు కూర్చుండిరి, ఎవరు వసారాలో నేలమీద కూర్చుండిరి అనునది మన తాతలు ఎరుగుదురు. గనుక ఈ సంగతి మనకు దూరపు కథగా తోచదు.

1863నుండి 1867వరకు గ్రిన్నెల్ గారు దేశ ప్రతినిధుల సభలో సభ్యులుగా ఉండిరి. యుద్ధము ముగిసి బానిసలు విడుదల పొందిన తరువాత, వారికి సహాయము చేయవలెనా మానవలెనా అను వాదములో, కెంటకీ రాష్ట్రపు సభ్యుడగు లవెల్ రూసో అను సేనాధిపతిని ఆయన కఠినమైన మాటలతో అవమానించిరి. ఆయన పక్షము న్యాయమైనదే గాని నాలుక మాత్రము అదుపు తప్పెను. యాకోబు పత్రిక మూడవ అధ్యాయము తెలిసిన కాపరి మరికొంత ఓర్చుకొనియుండవలసినది. 1866 జూన్ నెలలో ఆ సేనాధిపతి సభాభవనపు వసారాలో ఆయనను అడ్డగించి, చేతికర్ర విరుగువరకు కొట్టెను. గ్రిన్నెల్ గారు తిరుగ కొట్టలేదు. మనము దానిని మెచ్చుకొందుము గాని, ఆయన ఓటరులలో అనేకులు మెచ్చలేదు. దెబ్బలు తిని ఊరకున్నవాడు పిరికివాడని లోకము ఎంచెను. ఆయనకు మరల టిక్కెట్టు దొరకలేదు. అంతటితో ఆయన రాజకీయ జీవితము వాడిపోయెను.

ఆయన ఊరికి తిరిగి వచ్చిరి. అప్పటికి రైలుమార్గము వచ్చియుండెను, తూర్పు పడమర మార్గము 1863లోనే ఊరు చేరెను. లెక్క ప్రకారము రెండవ మార్గమును వచ్చి ఊరి నడుమ దానిని ఖండించెను. ధాన్యము, పశువులు, ఉన్ని ఆ కూడలినుండి షికాగోకు పోవుచుండెను. గ్రిన్నెల్ గారు గొర్రెలు పెంచుటయందును పండ్లతోటలయందును ఆసక్తి చూపుచు, చెట్లు లేని ఆ మైదానములో చెట్లు నాటుటకు ఇతరులను ప్రోత్సహించుచు కాలము గడిపిరి.

1882 జూన్ 17వ తేదీ, శనివారము రాత్రి, సుడిగాలి ఊరిమీద పడెను. అది మన కోస్తా గాలివాన వంటిది కాదు. గాలివాన రోజంతయు వీచును. ఇది ఏనుగు తొండమువలె మేఘమునుండి నేలకు వ్రేలాడి, కొన్ని నిమిషములలో దారిలో ఉన్నదంతయు ఊడ్చి పోవును. దాదాపు 40 మంది చనిపోయిరి. కళాశాల భవనములు నేలమట్టమాయెను. ఇరువది యెనిమిది ఏండ్ల కష్టము ఒక్క రాత్రిలో కూలెను. అప్పటికి గ్రిన్నెల్ గారికి అరువది సంవత్సరములు. ఆయనయు, కళాశాల అధ్యక్షుడగు జార్జి మాగూన్ గారును, మరి కొందరును చందాల కొరకు బయలుదేరిరి. భవనములు మరల లేచెను. ఆ గాలి వచ్చిన పది దినములకే, జూన్ 27న, అయోవా ఓటరులు సారా నిషేధమును రాజ్యాంగములో చేర్చుటకు ఓటు వేసిరి. మరుసటి సంవత్సరమే న్యాయస్థానము దానిని, ఆమోదించిన పద్ధతి సరికాదని, కొట్టివేసెను.

గ్రిన్నెల్ గారు 1891 మార్చి 31వ తేదీన తన ఊరిలోనే కన్నుమూసిరి. భార్యయు ఇద్దరు కుమార్తెలును మిగిలిరి. ఆ ఊరి హేజెల్‌వుడ్ శ్మశానములో ఆయన సమాధి ఉన్నది.

2020 జనాభా లెక్కలలో ఆ పట్టణమందున్నవారు 9,564 మంది. మన లెక్కలో పెద్ద గ్రామమంత. చుట్టును మొక్కజొన్న, సోయా చిక్కుడు పొలములు. ఒక కాపరి కుమారుడగు రాబర్ట్ నాయిస్ గారు అక్కడనే పెరిగి, 1949లో ఆ కళాశాలనుండి పట్టము పుచ్చుకొని, నేటి కంప్యూటరులకు ఆధారమగు చిప్పును కనిపెట్టినవారిలో ఒకరైరి. దస్తావేజులోని సారా షరతు కాలక్రమమున బలము తప్పెను, ఇప్పుడు అక్కడ మద్యము అమ్ముదురు. చదువునకు వేరుపరచిన సొమ్ము మాత్రము కళాశాలలో కలిసిపోయి నిలిచెను. ఆయన నేలమీద గుర్తు పెట్టిన రైలు కూడలి ఇంకను ఊరి నడుమనే ఉన్నది, బండ్లు రెండు దిక్కుల పోవుచునే యున్నవి.