రామానుజన్‌కు దుప్పటి కప్పుకునుడు నేర్పిన దోస్తు

నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం దిక్కుకెళ్లి బస్సెక్కిన పిల్లలు ఎల్బీనగర్‌ల దిగుతరు. బ్యాగు భుజానేసుకొని దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల చేరుతరు. ఒక్క రూముల నలుగురైదుగురు. అండ్ల ఒకడు జర తేడగ కనపడ్తడు. మొకం చూసి మాట్లాడడు. జోకేస్తే నిజమనుకుంటడు. తనకిష్టమైన ముచ్చట తీస్తే గంటసేపు ఆపడు. మెస్సుల కూర మారితే తినకుంట లేస్తడు. రూమంత కలిసి వానికో వెక్కిరింపు పేరు పెడ్తది. తమ్మీ, చెల్లె, ఆ పేరు పెట్టేముందు శ్రీనివాస రామానుజన్ బతుకు ఒకసారి సూడుండ్రి.

1887 డిసెంబర్ 22న ఈరోడ్‌ల పుట్టిండు, కుంభకోణంల పెరిగిండు. మూడేండ్లు వచ్చేదాక మాటలు రాలే. లెక్కలంటే పానం. మిగిలిన సబ్జెక్టులు పట్టించుకోకపాయె, కాలేజీల స్కాలర్‌షిప్పు పోయింది. 1905ల ఇంట్ల చెప్పకుంట విశాఖపట్నం దిక్కు పారిపోయి, రాజమండ్రిల నెల దినాల దాక ఉన్నడు. తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీల చేరినా ఎఫ్.ఏ. గట్టెక్కలే. ఇప్పటి లెక్కల ఇంటర్ ఫెయిలన్నట్టు.

అప్పటికి ఆయన మేధావి అని లోకానికి తెల్వది. డిగ్రీ లేదు, కొలువు లేదు, 1909ల పెండ్లి మాత్రం అయింది. గసొంటి మనిషిని దోస్తులే నిలబెట్టిన్రు. నెల్లూరు కలెక్టర్ రామచంద్రరావుకు లెక్కలంటే ఇష్టం. రామానుజన్ నోటుబుక్కులు ఆయన ముంగట పెడితే మొదలు నమ్మకం కుదరలే. దోస్తు రాజగోపాలాచారి ఇడిసిపెట్టలే, ఇంకోసారి సూడమని బతిమాలిండు. ఆఖరికి రావు నమ్మి, నెలకు 25 రూపాయలు తన సొంతంగ ఇచ్చిండు. 1912ల మద్రాసు పోర్ట్ ట్రస్టుల 30 రూపాయల గుమాస్తా కొలువు దొరికింది. అక్కడ పైఅధికారి నారాయణ అయ్యర్ అండగ నిలిచిండు. 1913ల హార్డీకి ఉత్తరం రాసిండు, 1914ల కేంబ్రిడ్జి పోయిండు.

అక్కడ చలి. రాత్రిళ్లు కోటేసుకొని, శాలువా కప్పుకొని పండుకుంటుండె. తర్వాత పెద్ద స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త అయిన మహలనోబిస్ ఒకనాడు రూముకొచ్చి చూస్తే, మంచం మీద దుప్పట్లు పరుపు కిందికి మడిచి పెట్టినయి పెట్టినట్టే ఉన్నయి. వాటి నడుమ దూరి పండుకోవాలని రామానుజన్‌కు ఎవలూ చెప్పలే. మహలనోబిస్ నవ్వలే. దుప్పటి తీసి, ఎట్ల దూరాల్నో చూపెట్టిండు. గంతే పని.

ఇంకోనాడు దోస్తులను బువ్వకు పిలిచి తనే వండిండు. మూడోసారి రసం వొద్దన్నందుకు మనసు ఇరిగి, చెప్పకుంట బయటికెళ్లి ఆక్స్‌ఫర్డ్ పోయిండు. నాలుగు దినాలు రాలే. మనకు చిన్న మాట, ఆయనకు పెద్ద దెబ్బ. యుద్ధకాలం, శాకాహారం దొరకదు, ఒంటరితనం, రోగం. 1918ల లండన్‌ల రైలు కింద పడబోయిండు. బతికిండు, పోలీసుల కాడ హార్డీ అడ్డం నిలబడ్డడు. అదే ఏడు రాయల్ సొసైటీ ఫెలో అయిండు. 1919ల ఇంటికి తిరిగొచ్చి, 1920 ఏప్రిల్ 26న పాణం ఇడిసిండు. వయసు 32.

ఆయనకు ఆస్పెర్గర్స్ ఉండొచ్చని తర్వాత కొందరు రాసిన్రు. పోయిన మనిషిని పరీక్ష చేయలేం, తేల్చి చెప్పలేం. డాక్టర్ ఆస్పెర్గర్ గీ తీరు పిల్లల గురించి రాసిందే 1944ల. ఇప్పుడు డాక్టర్లు దాన్ని ఆటిజం స్పెక్ట్రంల కలిపి చూస్తున్నరు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంల ఆటిజం సుత ఉన్నది.

రాజగోపాలాచారి, మహలనోబిస్ ఏ జబ్బు పేరూ తెల్వకుంటనే సాయం చేసిన్రు. మీ రూమ్మేటుకు సుత మీరు డాక్టర్లు కానక్కర్లే, నీకు ఫలానాది ఉన్నదని మొకం మీద అననక్కర్లే. సైగలు, ఎత్తిపొడుపులు బంద్ చేసి, సీదా మాట చెప్పుండ్రి. ప్లాన్ మారితే ముందుగాల చెప్పుండ్రి. లొల్లి ఎక్కువైతే బయటికి పోనియ్యుండ్రి. పార్టీకి రానంటే గుంజకుండ్రి, కానీ పిలుసుడు ఆపకుండ్రి. తనే నాకెందుకిట్ల అని అడిగితే, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తోడు పోవచ్చు. సచ్చిపోవాలనిపిస్తుందంటే ఒంటరిగ ఇడువకుండ్రి. సర్కారు టెలీ మానస్ 14416కు ఫోన్ కొట్టుండ్రి. పైసలు పడవు.

ఇంకో మాట. మీ దోస్తు రామానుజన్ కాకపోవచ్చు. కానిస్టేబుల్ పరీక్ష రెండుసార్లు తప్పిన మామూలు పోరడే కావొచ్చు. రామానుజన్ సుత అప్పుడు పరీక్ష తప్పిన పోరడే. తెలివి ఉంటెనే మర్యాద అనేది దొరల లెక్క. చలికి వణికేటోనికి దుప్పటి ఇచ్చేటందుకు మార్కుల మెమో అడుగుతమా?