దివాన్ దేవిడీ నుంచి మూసీ ఒడ్డుకు

హైదరాబాదు విహారయాత్రకు వెళ్ళొచ్చిన మనవాళ్ళని ఎవరిని కదిపినా సాలార్‌జంగ్ మ్యూజియంలోని గడియారం సంగతే ముందు చెబుతారు. గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు గడ్డపు బొమ్మ ఒకటి తలుపు తీసుకుని వస్తుంది. ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి మళ్ళీ లోపలికి పోతుంది. కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ వారు అమర్చిన గడియారమది. దానికోసం జనం బెంచీల మీద కూర్చుని ఎదురుచూస్తారు. మా బృందమూ చూసింది, ఈలలు కూడా వేసింది. నాకు మాత్రం ఆ గదులన్నీ తిరిగాక, ఇన్ని వస్తువులు పోగుచేసిన మనిషి ఎవరా అని అటే మనసు పోయింది.

ఆయన మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగ్. 1889 జూన్ 13న పూనాలో పుట్టాడు. నెల తిరక్కుండానే తండ్రి పోయాడు. ఉయ్యాలలో ఉండగానే పెద్ద జాగీరుకు వారసుడై, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణలో పెరిగాడు.

తాత మొదటి సాలార్‌జంగ్ సామాన్యుడు కాడు. 24 ఏళ్ళకే 1853లో నిజాంకు దివానై, 1883లో కన్నుమూసేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. శిస్తు వసూలును గుత్తేదార్ల చేతుల్లోంచి తప్పించి, జిల్లాలు ఏర్పరచి, జీతాల మీద ఉద్యోగులను పెట్టాడు. (మన కోనసీమ కూడా ఒకప్పుడు నిజాం ఏలుబడిలోదే! 1766 సంధితో ఉత్తర సర్కారులతో పాటు కంపెనీ వారికి పోయింది. లేకపోతే మనమూ ఆ దివాను లెక్కల్లోకి వచ్చేవాళ్ళమే.) మ్యూజియంలో అందరూ నోరు తెరుచుకుని చూసే ముసుగు రెబెకాను 1876లో రోము నగరంలో కొన్నది ఈ తాతగారే. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కినది. పాలరాతి ముసుగు, దాని వెనక పాలరాతి ముఖం. రెండూ ఒకే రాయని తెలిసినా కళ్ళు నమ్మవు. తడిబట్ట కప్పారేమోనని మా వాడొకడు తల అటూ ఇటూ తిప్పి మరీ చూశాడు.

మనవడూ తాత దారినే 1912లో, 23వ ఏట దివాను అయ్యాడు. కానీ రెండేళ్ళు దాటాయో లేదో, 1914లో రాజీనామా చేసేశాడు. ఆ వయసులో అంత పదవి వదులుకున్న జాగీర్దారు వేట, విందులు, పరివారం అంటూ కాలం గడిపేసినా అడిగేవాడు లేడు. ఆయన వస్తువుల మీద పడ్డాడు. మిగిలిన 35 ఏళ్ళూ అదే పని. విదేశాల్లో ఆయన తరఫున కొనేవాళ్ళుండేవారు. వర్తకులు సరుకుతో దివాన్ దేవిడీకే వచ్చేవారు. జహంగీరు బాకు, నూర్జహాను పళ్ళు కోసుకునే కత్తి, టిప్పు సుల్తానువని చెప్పే దంతపు కుర్చీలు, చీనా పింగాణీ, రవివర్మ చిత్రాలు, అరబ్బీ పారసీ వ్రాతప్రతులు వేలకు వేలు. ఒకే దుంగలో రెండు బొమ్మలు చెక్కిన కొయ్య శిల్పం ఒకటుంది. ముందు నుంచి చూస్తే గెథే నాటకంలోని సైతాను మెఫిస్టాఫిలీస్ పొగరుగా నుంచుంటాడు, వెనకనున్న అద్దంలో తలవంచుకున్న మార్గరెట్టా కనిపిస్తుంది. నాకు రెబెకా కన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

అన్నీ మేలురకాలే అనను. ఐరోపా చిత్రాల్లో నకళ్ళూ ఉన్నాయి. మరో మాట కూడా చెప్పాలి. ఆ డబ్బు ఎక్కడిది? జాగీరు గ్రామాల రైతులు కట్టిన శిస్తు అది. గాజు పెట్టెల మధ్య నడుస్తూంటే ఆ రైతులు గుర్తుకు రాకపోతే చూసినది సగమే.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. 1949 మార్చి 2న పోయాడు. పోలీసు చర్య జరిగి ఆరు నెలలైనా కాలేదు, సంస్థానమే తలకిందులై ఉంది. పిల్లలు లేని సొత్తు కనక హక్కుదార్లు చాలామంది బయల్దేరారు. ఇలాంటప్పుడు ఏమవుతుందో మన ఊళ్ళలో తెలియనిదా? అన్నదమ్ములు వాటాలు వేసుకున్నాక మండువా లోగిలి విప్పేసి టేకు స్తంభాలు అమ్ముతారు, గంగాళాలు కాటాకి ఎక్కిస్తారు. మరో పదేళ్ళకి ఆ ఇల్లు ఎక్కడుందో కూడా చెప్పేవాడుండడు.

దేవిడీ వస్తువులకు ఆ గతి పట్టలేదు. ప్రభుత్వం ఎస్టేటుకు ఒక కమిటీ వేసింది. వస్తువులను పొందికగా సర్దే పని జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ చేతుల మీదుగా దేవిడీలోనే ప్రదర్శనశాల తెరుచుకుంది. వారసుల తగవు మాత్రం అప్పటికీ తెగలేదు. చివరికి 1958లో వాళ్ళంతా రాజీపడి సేకరణను జాతికి వదిలేశారు, మరుసటేడు న్యాయస్థానం ఆ రాజీని ఖాయపరిచింది. వాటా వదులుకోవడం ఎంత కష్టమో అరెకరం కొబ్బరితోట తగాదా చూసినవాళ్ళకి తెలుసు కనక, వాళ్ళకి నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో వస్తువులన్నీ మూసీ దక్షిణపు ఒడ్డున కట్టిన కొత్త భవనానికి చేరాయి.

ఆయన బతికిన దివాన్ దేవిడీ మాత్రం నిలవలేదు. దాని కమాన్లు మిగిలాయి, లోపలంతా దుకాణాలు.