మన్రో దొర తీసిన బడిపిల్లల లెక్క

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వారు అడిగారు. బడి జ్ఞాపకాలు చాలామంది మిత్రులు రాస్తారు కాబట్టి, నేను నా సబ్జెక్టుకు దగ్గరైన ఒక మనిషి గురించి రాస్తానన్నాను. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు గణాంకశాస్త్రం చెప్పాను. ప్రాథమిక దత్తాంశ సేకరణ పాఠం వచ్చినప్పుడల్లా నిర్వచనాలు కాసేపు పక్కన పెట్టి సర్ థామస్ మన్రో కథ చెప్పేవాణ్ణి. ఎవరో రాసిపెట్టిన లెక్కతో సరిపెట్టుకోకుండా, కావలసిన సంగతిని పుట్టిన చోటికే పోయి తెచ్చుకోవడం ప్రాథమిక దత్తాంశం. మన్రో ఉద్యోగ జీవితంలో పెద్ద భాగం ఆ పనితోనే గడిచింది.

మన ప్రాంతంలో ఆ పేరు తెలియనివారు తక్కువ. తిరుమలలో మన్రో గంగాళం నైవేద్యం గురించి మన పెద్దలు చెప్పుకునేవారు. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్ళూ ఉన్నాయి. ఆయన 1761లో స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టి, 1780లో కంపెనీ సైన్యంలో చేరి మద్రాసుకు వచ్చాడు. 1792 నుంచి బారామహల్‌లో, అంటే నేటి సేలం, కృష్ణగిరి ప్రాంతంలో, అలెగ్జాండర్ రీడ్ కింద రెవెన్యూ పని నేర్చుకున్నాడు. 1800లో నిజాం సీమ జిల్లాలను కంపెనీకి అప్పగించినప్పుడు వాటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, 1807 దాకా ఉన్నాడు. ఇప్పటి మదనపల్లె, వాయల్పాడు అప్పట్లో ఆ సీమలోని కడప కిందివే. చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి ఉత్తర ఆర్కాటులో ఉండేవి. ఈ రెండు వైపుల తాలూకాలూ కలిసి చిత్తూరు జిల్లా అయింది 1911లో.

సీమలో మన్రో డేరాల్లో ఉంటూ ఊరూరా తిరిగాడు. రైతులతో నేరుగా మాట్లాడాడు. మా పుస్తకాల్లో దీన్ని ప్రత్యక్ష స్వయం విచారణ అంటారు. కానీ అంత పెద్ద సీమను ఒక్కడే తిరిగి కొలవలేడు గదా! అందుకని కొలతగాళ్ళను తయారుచేశాడు. 33 అడుగుల గొలుసుతో పొలం పొలం కొలిపించాడు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరా. మనం నేటికీ వాడే లెక్క ఇదే. కొలిచినవాడి మాటే ఆఖరు కాదు. పైవాళ్ళు కొన్ని పొలాలను మళ్ళీ కొలిచి సరిచూసేవారు. గణకుల పనిని తనిఖీ చేయడమని నేను క్లాసులో చెప్పింది అదే.

ఇదంతా శిస్తు కోసమే జరిగిందని మరచిపోకూడదు. ఆ శిస్తు కూడా బరువుగానే ఉండేది. అయితే అంత తిరిగి, అంత కొలిచాక, రైతు మోయలేడని ఆయనకే తెలిసింది. 1807లో సీమ విడిచి పోయే ముందు శిస్తులో నూటికి 25 వంతులు తగ్గించాలని సిఫారసు చేశాడు. పైవారు అప్పుడు ఒప్పుకోలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరయ్యాక ఆ తగ్గింపు అమలు చేశాడు.

మన సంచికకు అసలు పనికొచ్చే కథ ఆ తరువాతిది. రాజధానిలో చదువు ఎంత ఉందో ఎవరికీ తెలియదు. మద్రాసులో కూర్చున్నవారు తలా ఒక ఊహ చెప్పేవారు. 1822 జూన్ 25న మన్రో ఒక మినిట్ రాశాడు. దాని ప్రకారం రెవెన్యూ బోర్డు కలెక్టర్లందరికీ ఒక నమూనా ఫారం పంపింది. బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులంవారు ఎందరు, ముస్లింలు ఎందరు, అందులో మగపిల్లలు, ఆడపిల్లలు ఎందరు, జిల్లా జనాభా ఎంత అన్నవి దాని గళ్ళు. ఏ పుస్తకాలు చదువుతారు, ఎన్నేళ్ళు చదువుతారు, పంతులుకు నెలకేమిస్తారు అన్నవీ అడిగారు. బడుల వ్యవహారంలో సర్కారు జోక్యం చేసుకోదని మన్రో ముందే స్పష్టం చేశాడు. అడిగేవాడి ఉద్దేశం మీద అనుమానం ఉంటే జవాబు వంకరపోతుందని శిస్తు పనిలో ఆయనకు అనుభవమే.

జవాబులన్నీ చేరేసరికి దాదాపు మూడేళ్ళు పట్టింది. కెనరా కలెక్టరు అంకెలు పంపనే లేదు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ మాత్రం ఎంతో వివరంగా రాశాడు. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. ఆయన జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. అంతమంది పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది! మన వైపు ఉత్తర ఆర్కాటు 630 బడులు, కడప 494 బడులు చూపించాయి.

1826 మార్చి 10న మన్రో ఈ లెక్కలన్నీ ముందు పెట్టుకుని ఇంకో మినిట్ రాశాడు. బడులు 12,498, జనాభా 1,28,50,941. పైకి చూస్తే వెయ్యి మందికి ఒక బడి. ఆయన అక్కడ ఆగలేదు. జనాభాలో సగం, సుమారు 64,25,000 మంది, మగవారు. అయిదు నుంచి పదేళ్ళ మగపిల్లలు అందులో తొమ్మిదో వంతు అనుకుంటే 7,13,000 మంది. బడికి పోతున్నది 1,84,110 మంది, అంటే నాలుగో వంతుకు కొంచెం ఎక్కువ. మరి ఇళ్ళలో చదువుకునేవారి మాటేమిటి? మద్రాసు నగరం లెక్కలో అలాంటివారు 26,963 మంది ఉన్నారు. అది బడి పిల్లలకు సుమారు అయిదింతలు. ఆ అంకె ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. అలాగని కొట్టిపారేయనూ లేదు. ఇంటి చదువు కూడా కలిపితే చదువుకునే మగపిల్లలు మూడో వంతుకు దగ్గరగా ఉంటారని తేల్చాడు.

నేను క్లాసులో ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. చేతికొచ్చిన ఫారాల్ని కూడి మొత్తం వేయడం ఎవరైనా చేస్తారు. ఈ ఫారంలోకి రానివారు ఎవరు, ఎందుకు రాలేదు అని అడిగేవారు తక్కువ. మన్రో అడిగాడు, సగమే అడిగాడు. ఆడపిల్లలు ఎందుకంత తక్కువో పట్టించుకోకుండా, మగపిల్లల మీదనే వంతులు కట్టాడు.

ఆ లెక్క ఆధారంగానే జిల్లాల్లోనూ తాలూకాల్లోనూ సర్కారు బడులు పెట్టాలని, పంతుళ్ళకు 15 రూపాయలు, 9 రూపాయలు నెల జీతమివ్వాలని ప్రతిపాదించాడు. అవి నిలదొక్కుకోవడం చూడలేదు. సీమకు వీడ్కోలు చెప్పడానికి వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చారు. తరువాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఆ బడులను 1836లో ఎత్తివేశారు.

ఇక మన సంగతి. స్వర్ణోత్సవానికి మన సంఘం కూడా ఫారం పంపింది. పదో తరగతి పాసైన సంవత్సరం, ఉద్యోగం, హోదా, ఫోను నంబరు దాని గళ్ళు. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మానేసి మండీలోనో చేనులోనో పనికి పోయినవాడు ఆ ఫారం ఎలా నింపుతాడు? పెళ్ళి చేసి పంపించేసిన ఆడపిల్ల హోదా గడిలో ఏం రాస్తుంది? వాళ్ళూ మనతో బెంచీ పంచుకున్నవాళ్ళే. సంఘం ఇచ్చే వైద్య సాయం, వాళ్ళ పిల్లలకు చదువు సాయం ఆ జాబితాను బట్టే పోతాయి. జాబితాలో లేనివారికి అవి అందవు.

అందుకని నాదొక విన్నపం. బడి అడ్మిషన్ రిజిస్టరులో చేరిన ప్రతి ఒక్కరి పేరూ ఉంటుంది. గురువులు దయచేసి బ్యాచీల వారీగా ఆ పేర్లు రాసివ్వాలి. ప్రతి బ్యాచీ నుంచి ఇద్దరు, వీలైతే ఒక స్త్రీ, ఒక పురుషుడు, ఊళ్ళకు పోయి మిగిలినవారిని కలిసి రావాలి. ఫారంలో పాసైన సంవత్సరం తీసేసి, ఎంతదాకా చదివారు, ఎందుకు మానారు అని రెండు గళ్ళు పెట్టాలి. మా బ్యాచీ పని నేను తీసుకుంటున్నాను. రెండో మనిషి కావాలి.