థెమిస్టోక్లిస్ గ్లక్

థెమిస్టోక్లిస్ గ్లక్ (నవంబరు 30, 1853 - ఏప్రిల్ 25, 1942) ప్రముఖ జర్మన్ శస్త్రవైద్యుడు. పాడైపోయిన కీళ్ల స్థానంలో ఏనుగు దంతంతో చేసిన కృత్రిమ కీళ్లను అమర్చినవారిలో ఈయన ఆద్యుడు. దవడ కీలును పూర్తిగా కృత్రిమ పదార్థంతో మార్చే ప్రయత్నం కూడా ఈయనతోనే మొదలైందని వైద్య చరిత్రకారులు పేర్కొంటారు.

బాల్యము, విద్యాభ్యాసము

గ్లక్ నేటి రుమేనియాలోని యాష్ నగరంలో జన్మించాడు. తండ్రి జర్మన్ వైద్యుడు. లైప్జిగ్, బెర్లిన్ నగరాలలో వైద్యవిద్య అభ్యసించి, బెర్లిన్‌లో ప్రసిద్ధ శస్త్రవైద్యుడు లాంగెన్‌బెక్ వద్ద సహాయకుడిగా పనిచేశాడు. 1882లో లాంగెన్‌బెక్ స్థానంలోకి ఎర్నస్ట్ ఫాన్ బెర్గ్‌మన్ వచ్చాడు. తెగిన నరాలను కలిపి కుట్టే పద్ధతిపైన, దేహంలో లోపించిన భాగాలను ఇతర పదార్థాలతో పూరించడంపైన గ్లక్ జంతువులపై ప్రయోగాలు చేశాడు.

దంతపు కీళ్లు

1890 మే 20న క్షయ వ్యాధితో మోకాలు చెడిపోయిన 17 ఏళ్ల యువతికి గ్లక్ మడతబందు వలె కదిలే దంతపు కీలును అమర్చాడు. తరువాత భుజం, మోచేయి, మణికట్టు కీళ్లకు కూడా ఇదే పద్ధతిని అనుసరించాడు. కీలు కాడలను ఎముక లోపలి మూలుగ గొట్టంలోకి దించి, రోజిన్, ప్యూమిస్ రాతిపొడి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపిన సిమెంటుతో బిగించేవాడు. ఎక్స్-కిరణాలను 1895లో గాని కనుగొనలేదు. కనుక శరీరం తెరవకముందే ఎముక ఆకారాన్ని చూసి, దానికి సరిపోయే కీలును తయారు చేసుకునే వీలు ఆనాడు లేదు.

వివాదము

తొలి రోజులలో రోగులు కీలును కదపగలిగినా, క్షయ తిరగబెట్టి చీము పట్టడంతో ఈ కీళ్లు విఫలమయ్యాయి. 1890 ఆగస్టులో బెర్లిన్‌లో జరిగిన పదవ అంతర్జాతీయ వైద్య మహాసభలో గ్లక్ ఈ ఫలితాలను వివరించకుండా బెర్గ్‌మన్ అడ్డుకున్నాడు. ఇవి జర్మన్ శస్త్రవైద్యానికి అపకీర్తి తెస్తాయని ఆయన భావించాడు. గ్లక్ 1891లో తన ఫలితాలను ప్రచురించినా, వాటికి తగిన ఆదరణ లభించలేదు. క్షయకు పనిచేసే తొలి ఔషధమైన స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో, అనగా గ్లక్ మరణించిన మరుసటి సంవత్సరం కనుగొన్నారు.

తరువాతి జీవితము

గ్లక్ బెర్లిన్‌లోని కైజర్, కైజరిన్ ఫ్రెడరిక్ బాలల ఆసుపత్రిలో శస్త్రచికిత్సా విభాగానికి అధిపతిగా చాలాకాలం పనిచేశాడు. క్యాన్సరు సోకిన స్వరపేటికను తొలగించే శస్త్రచికిత్సను సోరెన్‌సెన్‌తో కలిసి అభివృద్ధి చేశాడు. 1942లో బెర్లిన్‌లో మరణించాడు.

నేటి ప్రాధాన్యత

1960వ దశకంలో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ తుంటి కీళ్లను యాక్రిలిక్ సిమెంటుతో బిగించే పద్ధతిని స్థిరపరచిన తరువాత గ్లక్ ఆలోచనకు గుర్తింపు పెరిగింది. నేటి దవడ కీళ్లలో కింది భాగాన్ని సాధారణంగా లోహంతోను, పై గుంటను గట్టి పాలిథీన్‌తోను చేసి స్క్రూలతో బిగిస్తారు. ఇవి రెండు రకాలు. వివిధ కొలతలలో సిద్ధంగా దొరికేవి మొదటి రకం. వీటిలో రోగికి దగ్గరగా ఉన్న కొలతను ఎంచుకుని, ఎముకనే కొంత చెక్కి సరిచేస్తారు. రోగి సి.టి. స్కాను ఆధారంగా ప్రత్యేకంగా తయారు చేసేవి రెండవ రకం. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1999లో ప్రత్యేక తయారీ రకానికి, 2005లో సిద్ధ కొలతల రకానికి అనుమతి ఇచ్చింది.

ఎముక ఆకృతి మామూలుగా ఉన్నవారికి సిద్ధ కొలతల కీలు సరిపోవచ్చు. దీనికి ఖర్చు తక్కువ, నిరీక్షణ ఉండదు. పుట్టుకతో ఆకృతి వేరుగా ఉన్నవారికి, పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగి ఎముక నష్టపోయినవారికి ప్రత్యేక తయారీ కీలు బాగా అమరుతుంది. అయితే తయారీకి వారాల సమయం పడుతుంది. ఏ రకం ఎంచుకున్నా, చీము ఉన్నచోట కీలు అమర్చరాదు. గ్లక్ రోగుల అనుభవం వెల్లడించిన ఈ నియమాన్ని వైద్యులు నేటికీ పాటిస్తున్నారు.